టెంకలో దాగినవాళ్లు

బంగినపల్లి తిని టెంకను పెరట్లో పారేస్తే, తొలకరి పడ్డాక అక్కడో మొలక లేస్తుంది. రాగి రంగు లేతాకులు చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. ఏళ్ల తరబడి నీళ్లు పోసి పెంచాక కాసే కాయ మాత్రం బంగినపల్లి కాకపోవచ్చు. అసలు అయితేనే ఆశ్చర్యం.

నిజానికి విత్తనం టెంక కాదు, అందులోని జీడి. రెండు లావుపాటి బీజదళాలు, వాటి మధ్య ఒదిగిన పిండం. చిక్కుడు గింజ మొలిచేటప్పుడు దళాలు మట్టిలోంచి పైకొస్తాయి. మామిడివి నేలలోనే ఉండిపోయి మొలకకు ఆహారం అందిస్తాయి.

వడ్లు, కందుల్లా ఈ జీడిని ఎండబెట్టి దాచుకోవడం కుదరదు. ఎండితే చచ్చిపోతుంది, ఫ్రిజ్‌లో పెట్టినా అంతే. ఎండనివ్వని ఇలాంటి విత్తనాలకు 1973లో ఇ.హెచ్. రాబర్ట్స్ అనే శాస్త్రవేత్త ‘రికాల్సిట్రెంట్’, అంటే మొండివి, అని పేరు పెట్టారు. పనస, రంబుటాన్ కూడా ఈ కోవలోవే. పండు రాలే వేళకు వాన వెనకే వస్తుంటే గింజకు నిద్రపోయే అవసరమేముంది? అందుకే తిన్న కొద్ది రోజుల్లోనే నాటాలి. పీచు గీకి, టెంక అంచు జాగ్రత్తగా కత్తిరించి జీడిని బయటికి తీసి నాటితే రెండు మూడు వారాల్లో మొలుస్తుంది. తీసి చూస్తే మరో లాభం: టెంక పురుగు తొలిచిన జీడి అప్పుడే దొరికిపోతుంది.

ఇక అసలు చిక్కు. బంగినపల్లి, తోతాపురి, ఆల్ఫోన్సో జీడిలో ఉండేది ఒక్కటే పిండం. ఏ చెట్టు పుప్పొడో వచ్చి కలవగా పుట్టింది కాబట్టి అది తల్లిని పోలదు. కేరళవైపు ఓలూరు, చంద్రకరన్, ఫిలిప్పీన్స్ కారబావ్ రకాల దారి వేరు. ఒక్క టెంక నుంచే మూడు నాలుగు మొలకలు లేస్తాయి. వాటిలో ఎక్కువ భాగం పుప్పొడితో పనిలేకుండా తల్లి కణాల నుంచే పుట్టినవి, అచ్చం తల్లి నకళ్లు. అన్నీ ఒకే తీరుగా పెరుగుతాయి కనుక అంటు కట్టడానికి వేరుమొక్కలుగా ఇలాంటివి బాగా పనికొస్తాయి.

తల్లిని పోలకపోవడం ప్రతిసారీ నష్టమేమీ కాదు. మన దేశం నుంచి ఫ్లోరిడాకు వెళ్లిన ముల్గోబా రకం చెట్టు పండ్ల టెంకల్ని 1902లో కెప్టెన్ హేడెన్ అక్కడ నాటారు. మరుసటేడే ఆయన పోయారు. 1910లో వాటిలో ఒక చెట్టు కాస్తే, ఎర్రటి బుగ్గల కొత్త రకం బయటపడింది. దాని పేరే హేడెన్. అమెరికా కొట్లలో తెలుగువాళ్లు చేతిలోకి తీసుకుని, బంగినపల్లి గుర్తొచ్చి నిట్టూర్చే టామీ అట్కిన్స్ ఆ హేడెన్ టెంక నుంచి మొలిచిందే.