మారిషసు దక్షిణ తీరమున ఒక దినపు కారు ప్రయాణము

హిందూమహాసముద్రములో, మడగాస్కరునకు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరమున మారిషసు ద్వీపమున్నది. అది 1715 మొదలు 1810 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. పిమ్మట ఆంగ్లేయుల వశమై, 1968లో స్వతంత్రమయ్యెను. 1834లో ఆరంభమైన కూలివలసల కాలమున, మన యానామునకు చేరువనున్న కోరంగి రేవునుండి ఓడలెక్కి పోయిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలని పిలిచిరి. వారి సంతతివారు నేటికిని అక్కడ నున్నారు. ఉగాది ఆ దేశమున ప్రభుత్వ సెలవు దినము. కనుక మనవారెవరైన ఆ ద్వీపమును చూడబోయినచో కేవలము పరదేశమునకు పోయినట్లు కాదు.

ద్వీపము చిన్నది. పొడవు సుమారు 65, వెడల్పు 45 కిలోమీటర్లు. పటమును చూచినవారు ఒక్క దినములో చుట్టిరావచ్చునని తలంతురు. రావచ్చును గాని, చూచినది రోడ్డు మాత్రమే యగును. ఆగ్నేయమున మహేబూర్ నుండి నైరృతిమూలనున్న ల మోర్న్ కొండవరకు గల దక్షిణ తీరమును మాత్రము ఎంచుకొని, దానికే ఒక దినమంతయు కేటాయించుట మేలు.

మొదట నిర్ణయింపవలసినది దూరము కాదు, దిక్కు. అక్కడ మన దేశమునందువలెనే వాహనములు ఎడమ ప్రక్కన నడచును. తూర్పునుండి పడమరకు పోవువానికి సముద్రము ఎడమచేతి వైపున నుండును గనుక, రోడ్డునకు అడ్డము రాకయే ఒడ్డున బండి నిలుపవచ్చును. సూర్యుని సంగతి ఇంకను ముఖ్యమైనది. మారిషసు దక్షిణార్ధగోళమున 20 డిగ్రీల అక్షాంశము దగ్గర నున్నది. మనకు ఏడాదిలో అధికభాగము మధ్యాహ్న సూర్యుడు దక్షిణపు వైపున కనబడగా, అక్కడ ఉత్తరపు వైపున కనబడును. పిల్లలు బడిలోని భూగోళమును ముందుంచుకొని దీనిని సరిచూచుకొనవచ్చును. దీని ఫలమేమనగా, దక్షిణ సముద్రమును చూచువానికి ఎండ వీపున పడునే గాని కంటిలో పడదు. నీటి యడుగున నున్న ఇసుకయు పగడములును వేర్వేరు రంగులుగా తేటపడును. అయితే సాయంకాలము పడమరకు నడపువాని కన్నులలో ఎండ కొట్టును. మూడు గంటలకే ప్రయాణములో పెద్దభాగము ముగించుకొనవలెను.

నవంబరు మొదలు ఏప్రిలు వరకు వేడి, వానలు. తుపానుల భయము కూడ ఆ నెలలలోనే. మే మొదలు అక్టోబరు వరకు చల్లని కాలము. అప్పుడు ఆగ్నేయ వ్యాపార పవనములు ఈ తీరమును గట్టిగా తాకును. జూన్ నుండి చెరకు నరకుదురు. మహేబూర్, సూయాక్ ఊళ్ల నడుమ రోడ్డు సముద్రమునకు దూరముగా చెరకుతోటలలో పోవును గనుక, ఆ నెలలలో చెరకు లారీల వెనుక నెమ్మదిగా పోవలసివచ్చును. దారిపలకల మీది పేర్లలో వ్రాసిన అక్షరములన్నియు పలుకరు. ఫ్రెంచి బడిలో చదివిన మన తాతలకైనచో ఈ తడబాటు లేకపోయెడిది.

ద్వీపమును ఇంచుమించు అంతటను పగడపు దిబ్బలు వడ్డాణమువలె చుట్టియున్నవి. సముద్రపుటలలు ఆ దిబ్బలపై విరిగి, లోపలి మడుగు చెరువువలె నిలకడగా నుండును. మహేబూరునకు దక్షిణముననున్న బ్లూ బేలో అడుగున అద్దము బిగించిన పడవలనుండి పగడములను చూడవచ్చును. ఆ సమీపముననే 2020 జూలై 25న వకాషియో అను ఓడ దిబ్బకు తగులుకొనెను. కొన్ని దినములకు దాని ఇంధనపు తొట్టి పగిలి, సుమారు వెయ్యి టన్నుల చమురు నీటిలో కలిసెను. అక్కడి జనులు చెరకు ఆకును గోనెలలోను వలలలోను కుక్కి, తెప్పలవలె కట్టి, చమురును అడ్డగింప చూచిరి. పగడములు ప్రాణముగల జీవుల కట్టడములు; వాటిమీద కాలు మోపరాదు, విరిచి తేరాదు.

సూయాక్ వద్ద గ్రీగ్రీ అను చోట ఈ వడ్డాణము తెగినది. మంచినీరును బురదయు కలియు చోట పగడములు పెరుగవు. నదులు పడు తావులలో దిబ్బలకు ఇట్టి గండ్లు ఏర్పడుట సాధారణము. గ్రీగ్రీలో అడ్డమేమియు లేదు గనుక మహాసముద్రము నేరుగా వచ్చి నల్లని అగ్నిశిలల గట్లను కొట్టును. తీరమంతటిలో మిక్కిలి గంభీరమైన దృశ్యమిదియే, మిక్కిలి ప్రమాదకరమైనదియు నిదియే. ఉదయమంతయు మడుగులో ఆడిన పిల్లలకు ఇక్కడి నీరును అట్టిదేయని తోచును. తల్లిదండ్రులు వారి చేయి విడువరాదు. గట్టు అంచునకు పోరాదు. ఇక్కడ స్నానము మాట తలపెట్టనే రాదు.

సూయాక్ దాటి కొంత దూరము పోయిన పిమ్మట రోడ్డు మరల సముద్రమును చేరి, కొన్నిచోట్ల నీటికి కొలది అడుగుల దూరముననే నడచును. బే ద్యు కాప్ వద్ద మకోండే అను రాతిగుట్టను చుట్టి పెద్ద మలుపు తిరుగును. మలుపులో ఆగక, అవతల బండి నిలిపి, మెట్లెక్కి చూడవలెను. ఆస్ట్రేలియా తీరమును చుట్టి పటము వ్రాసిన మాథ్యూ ఫ్లిండర్స్ 1803 డిసెంబరులో, ఓడ చెడిపోగా, ఈ రేవుననే దిగెను. ఇంగ్లాండు ఫ్రాన్సుల నడుమ యుద్ధము మరల మొదలైనదని అతనికి తెలియదు. ఫ్రెంచి గవర్నరు అతనిని 1810 వరకు కదలనీయలేదు.

చివరిది ల మోర్న్. 556 మీటర్ల ఎత్తున నిట్టనిలువుగా నిలిచిన ఈ కొండమీద, తోటలనుండి పారిపోయిన ఆఫ్రికా, మడగాస్కరు బానిసలు తలదాచుకొనిరి. 1835లో బానిసత్వము రద్దయినదని చెప్పుటకు వచ్చిన సిపాయిలను చూచి, తమ్ము పట్టుకొనుటకే వచ్చిరనుకొని, కొందరు కొండమీదినుండి దూకి ప్రాణములు విడిచిరని అక్కడివారు తరతరములుగా చెప్పుకొందురు. 2008లో యునెస్కో ఈ ప్రదేశమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. కొండ పాదమున వారి జ్ఞాపకార్థము శిలలు నిలిపినారు. ఇసుకతీరము వాటికి చేరువనే కలదు గనుక చాలమంది వాటిని చూడకయే నీటిలోనికి పోవుదురు. జూన్ నెలలో సూర్యుడు 5-40 గంటలకే అస్తమించును. డిసెంబరులో 6-45 దాటును. నాలుగు గంటలకే చేరుకొన్నచో ముందు ఆ శిలలను చూచి, పిల్లలకు ఆ కథ చెప్పి, అటుపిమ్మట ఒడ్డున కూర్చుండుటకు వ్యవధి యుండును.