బాలింతకు నీళ్ళు తగ్గించవద్దు

కాన్పయిన మూడవ నాడు బాలింత పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడుతుంటే ఇంటి పెద్దలు మొదట అనే మాట, "ఒంటికి నీరు పట్టింది, నీళ్ళు తగ్గించండి" అని. మన ముస్లిం కుటుంబాలలోనూ ఈ మాట తరతరాలుగా వినిపిస్తూనే ఉంది. ప్రేమతో అన్నదే, కాని దానివల్ల బాలింతకు మేలు జరగదు.

గర్భిణి దేహంలో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. చర్మం క్రింద కూడా నీరు చేరుతుంది. కాన్పులో సెలైన్ ఎక్కించి ఉంటే అదీ తోడవుతుంది. బిడ్డ పుట్టాక ఈ అదనపు నీరంతా మూత్రంగా, చెమటగా వెలుపలికి పోవాలి. సాధారణంగా వారం, రెండు వారాలలో వాపు దానంతటదే తీస్తుంది. ఇది నెలల తరబడి చేరిన నీరు. నేటి దాహాన్ని అణచుకొన్నంత మాత్రాన పోయేది కాదు. పైగా మలబద్ధకం, మూత్రంలో మంట మొదలవుతాయి.

దివ్యఖుర్ఆన్‌లోని మర్యమ్ సూరాను ఇక్కడ గుర్తుచేసుకోవడం సముచితం. ఖర్జూరపు చెట్టు మొదట ప్రసవవేదన పడుతున్న హజ్రత్ మర్యమ్ (అలైహస్సలామ్) చెంత అల్లాహ్ సెలయేటిని ప్రవహింపజేశాడు. ఖర్జూరాలు తినమని, నీరు త్రాగమని ఆమెకు ఆదేశం అందింది. దీనిని వైద్యగ్రంథంగా చూపడం మా ఉద్దేశం కాదు. బాలింతకు నీళ్ళు కూడవన్న కట్టడి మాత్రం ధర్మం నుండి వచ్చినది కాదు.

తగ్గించవలసినది ఉప్పు. నీళ్ళ విషయంలో అంత కఠినంగా ఉండే ఇళ్ళలోనే పథ్యం పేరిట ఎండుచేప, ఊరగాయ వడ్డించడం చూస్తుంటాం! పడుకొన్నప్పుడు కాళ్ళ క్రింద రెండు దిండ్లు పెట్టాలి. కాళ్ళు వ్రేలాడదీసి ఎక్కువసేపు కూర్చోరాదు. చిల్లా నలభై రోజులూ మంచానికే పరిమితం కాకుండా, డాక్టరు అనుమతించిన నాటి నుండి ఇంట్లోనే మెల్లగా నడవాలి. నీరు తీసే మాత్రలను సొంతంగా వాడరాదు, పాలు తగ్గవచ్చు.

అయితే ప్రతి వాపూ ఇటువంటిది కాదు. ఒక్క కాలే వాచి, పిక్కలో నొప్పి, వేడి, ఎరుపు కనిపిస్తే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ కాలికి మాలిష్ చేయరాదు. ముఖం, చేతులు ఉబ్బడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగాన నొప్పి రక్తపోటుకు సూచనలు. గర్భంలో రక్తపోటు లేనివారికి సైతం కాన్పు తరువాత ఆరు వారాల లోపు ఇది రావచ్చు, మూర్ఛకు దారితీయవచ్చు. కొలత 140/90 గాని, ఆపైన గాని ఉంటే ఆనాడే డాక్టరును కలవాలి. వెల్లకిలా పడుకొంటే ఊపిరి ఆడకపోవడం గుండె బలహీనతకు గుర్తు కావచ్చు.

ఇటువంటి వేళ "చిల్లా పూర్తి కాలేదు, గడప ఎలా దాటుతుంది?" అని సందేహించేవారున్నారు. నిఫాస్‌లో ఉన్న స్త్రీకి నమాజు, ఉపవాసాల నుండి మినహాయింపు ఉంది. వైద్యానికి వెళ్ళరాదన్న నిషేధం షరీఅత్‌లో ఎక్కడా లేదు. బిడ్డను చూడవచ్చే ఆశా కార్యకర్తకు తల్లి కాళ్ళు కూడా చూపించండి. ఊపిరి ఆడకపోయినా, మూర్ఛ వచ్చినా వెంటనే 108కి ఫోను చేయండి. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే కాన్పయి ఎన్ని రోజులైనదో మొదట చెప్పండి, చీటీలోనూ వ్రాయించండి.