చిన్న తొట్టెలో రాతి పగడాలు

ఉంగరంలో పొదిగే ఎర్ర పగడాన్ని మీరు చూసే ఉంటారు. సముద్రంలో దిబ్బలు కట్టే రాతి పగడాలు దానికి దూరపు చుట్టాలు. మన దేశంలో 2001 నుంచి వీటిని సేకరించడం, అమ్మడం చట్టరీత్యా నేరం. కొన్ని విదేశాల్లో మాత్రం వీటిని ఇళ్లలో గాజు తొట్టెల్లో పెంచుతారు. తొట్టె చిన్నదయ్యేకొద్దీ పని కష్టమవుతుంది. ఎందుకో లెక్క వేసి చూడండి.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. 40 లీటర్ల తొట్టెలో మొత్తం 1,400 గ్రాములన్నమాట. అందులో 2 లీటర్ల నీరు ఆవిరైందనుకోండి. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు గదా! మిగిలిన 38 లీటర్లలో లీటరుకు దాదాపు 37 గ్రాములు తేలుతుంది. అదే 400 లీటర్ల తొట్టెలోనైతే ఈ తేడా లెక్కలోకే రాదు. మరి తరిగిన నీటికి బదులు ఏం పోయాలి? ఉప్పునీరు పోస్తే పెరిగిన ఉప్పదనం దాదాపు అలాగే ఉండిపోతుంది. లవణాలు తీసివేసిన మంచినీరు రోజూ కొద్దికొద్దిగా పోయాలి.

ఇక వేడి సంగతి. పగడపు జీవి కణాల్లో కంటికి కనబడని శైవలాలు కాపురముంటాయి. వెలుతురులో అవి తయారుచేసే ఆహారంలో పెద్ద వాటా పగడానిదే. నీరు 25, 26 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర నిలకడగా ఉండాలి. 30 దాటి చాలా రోజులుంటే ఈ పొత్తు చెడుతుంది. శైవలాలు బయటికి పోతాయి. పారదర్శకమైన కండలోంచి తెల్లని అస్థిపంజరం కనిపిస్తుంది. పగడం అప్పటికి చావలేదు, పస్తులుంటోంది. వేడి తగ్గితే కోలుకోవచ్చు.

ఆ అస్థిపంజరం కాల్షియం కార్బొనేటు. దానికి కావలసిన సరుకంతా పగడం నీటినుంచే తీసుకుంటుంది. సముద్రంలో లీటరుకు సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అక్కడ దానికి కొరత లేదు. తొట్టెలో తరిగిపోతుంది. చిత్రమేమంటే, బాగా పెరిగే పగడమే తన నీటిని త్వరగా ఖాళీ చేసుకుంటుంది! అందుకే పెంచేవారు నీటిని తరచు పరీక్షించి, తగ్గినంత మేరకే, మెల్లమెల్లగా కలుపుతారు.