ఈ డబ్బా పూర్వాశ్రమం ఏమిటి?

మిరప కోతలు మొదలయ్యాక భద్రాచలం ప్రాంతంలోని చర్ల, దుమ్ముగూడెం వైపు చేలగట్ల మీద నీళ్ల డబ్బాలు వేలాడుతూ కనిపిస్తాయి. ఛత్తీస్‌గఢ్ నుంచి కోతకు వచ్చిన కూలీలు పొద్దున్నే వాటిని నింపుకొచ్చి నీడపట్టున కొమ్మకు తగిలిస్తారు. కొన్ని కూల్‌డ్రింకు సీసాలు, కొన్ని వంటనూనె క్యాన్లు. అక్కడక్కడా ఒకటి మాత్రం వేరుగా ఉంటుంది. తెల్లటి గట్టి డబ్బా, మెడకు కట్టిన తాడు, గీకినా పూర్తిగా ఊడని లేబులు, దాని మూలన సగం మిగిలిన ఎర్ర త్రికోణం.

పురుగుమందు డబ్బా మీద ఆ రంగు ఊరికే వేయరు. ఎరుపంటే అతి తీవ్రమైన విషం. దాని తర్వాత వరసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. చదువు రానివాళ్లకు కూడా తెలియాలని పెట్టిన గుర్తే అది. కానీ లేబులు చింపేశాక మిగిలేది ఒక మంచి డబ్బా. లీకు లేదు, మూత బిగువుగా పడుతుంది, పైసా ఖర్చు లేదు.

పట్నంలో ప్లాస్టిక్ డబ్బా గురించి భయపడే తీరు వేరు. అడుగున ఏ అంకె ఉంది, మైక్రోవేవ్‌లో పెట్టొచ్చా, బీపీఏ అనే రసాయనం ఉందా అని చూసుకుంటారు. అవి పనికిరాని భయాలని అనను. కానీ ఖమ్మం దాటి భద్రాచలం అడవి మొదలయ్యే చోట వీటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ డబ్బాలో ఇంతకుముందు ఏముండేది?

కోయలు, కొండరెడ్ల ఇళ్లలో ఈ ప్రశ్నకు తావులేని రోజులుండేవి. ఎండిన సొరకాయను తొలిచి, గింజలు దులిపి చేసుకున్న బుర్రలోనే నీళ్లు, జావ, కల్లు. అన్నానికి అడ్డాకు విస్తరి. అలాగని బుర్రను ఆకాశానికెత్తి ప్లాస్టిక్‌ను తిట్టడం నాకిష్టం లేదు. బుర్ర పగులుతుంది, లోపల తోమడం కష్టం, ఐదు లీటర్లు పట్టేది దొరకాలంటే ఇంకా కష్టం. తలమీద మూట, చంకలో బిడ్డతో కోసులు నడిచే మనిషికి తేలికపాటి క్యాన్ దొరికితే ఎందుకు వద్దంటుంది?

మందు డబ్బా కదా అని అడిగితే ‘మూడుసార్లు బూడిదేసి తోమినం గదా’ అంటారు. చిక్కంతా అక్కడే. మందు డబ్బాలు ఎక్కువగా హెచ్‌డీపీఈ అనే గట్టి పాలిథిన్‌తో చేస్తారు. అది నీటిని పీల్చదు. కానీ చాలా పురుగుమందులను కరిగించేది నీళ్లలో కాదు, పెట్రోలియం జాతి ద్రావకాల్లో. పాలిథిన్ కూడా పెట్రోలియం బిడ్డే కాబట్టి అలాంటి ద్రావకం దాని గోడలోకి మెల్లగా ఇంకుతుంది, తనతోపాటు మందునూ కొంత లోపలికి తీసుకెళ్తుంది. బూడిద, సబ్బు, ఇసుక ఏదేసి తోమినా పోయేది పైపూతే. గోడలో దిగినది అక్కడే కాచుకుని ఉంటుంది. ఆ తర్వాత నీళ్లు పోస్తే కొద్దికొద్దిగా బయటికొస్తుంది. నూనె పోస్తే పిలిచినట్టు వస్తుంది.

ఈ ముప్పు ఎంత దూరం వెళ్తుందో బిహార్ చూసింది. 2013 జులై 16న సారణ్ జిల్లా గండామన్ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లల్లో 23 మంది చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. పురుగుమందు ఉంచిన డబ్బాలోనే నూనె పోశారన్న అనుమానం అప్పట్లోనే వచ్చింది. ఆ మందు పేరు మన పత్తి, మిరప రైతులకు కొత్త కాదు.

ఖాళీ డబ్బాను ఏం చేయాలో 1971 నాటి పురుగుమందుల నియమాల్లోనే ఉంది. పగలగొట్టి, జనావాసాలకు దూరంగా పూడ్చాలి. వాగుల నీళ్లు చివరికి గోదావరిలో కలిసే నేలలో ఈ పూడ్చిపెట్టుడు ఎంతవరకు మంచిదన్నది వేరే పంచాయితీ. ప్రపంచమంతా చెప్పే పద్ధతి ఇంకొంచెం నయం. మందు అయిపోయిన వెంటనే డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లను స్ప్రేయర్‌లోనే పోయాలి, ఆపై అడుగున మేకుతో చిల్లులు పొడవాలి. ఈ చిల్లులదే అసలు పని. కడగడం వల్ల డబ్బా తిండికి పనికొచ్చేది కాదు. చిల్లుపడితే మాత్రం అందులో ఎవరూ ఏమీ పోయలేరు.

ఇక అంగడిలో కొన్న డబ్బాల సంగతి. కొత్తదైనా ప్లాస్టిక్ పూర్తిగా మొద్దు వస్తువేం కాదు. దాన్ని మెత్తబరచడానికి, రంగెక్కించడానికి, ఎండకు ఆగేలా చేయడానికి కలిపినవి కొద్దికొద్దిగా తిండిలోకి దిగుతుంటాయి. దిగడాన్ని పెంచేవి నాలుగు: నూనె, పులుపు, వేడి, కాలం. ఆవకాయను తలుచుకోండి. నూనె తేలుతుంటుంది, మామిడి పులుపు దండిగా ఉంటుంది, వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో అటక మీద ఏడాది పాటు కూర్చుంటుంది. పరీక్షకు పెట్టిన ప్రశ్నపత్రంలా ఉంటుంది ఆ డబ్బా! నిజంగానే ప్రయోగశాలలో ప్లాస్టిక్‌ను పరీక్షించేటప్పుడు పుల్లటి తిండికి బదులు 3 శాతం ఎసిటిక్ ఆమ్లం, జిడ్డు తిండికి బదులు హెప్టేన్ వంటి ద్రావకం వాడతారు. అన్నీ కలిపి కిలో ఆహారంలోకి 60 మిల్లీగ్రాములకు మించి దిగకూడదని మన ఆహార భద్రతా సంస్థ 2018 నిబంధన. ఆవకాయకు, ఇప్పనూనెకు పింగాణీ జాడీ, గాజు, స్టీలే మేలు. ఉప్పు, పప్పు, ఎండు ఇప్పపువ్వు లాంటి పొడి సరుక్కి మంచి ప్లాస్టిక్ డబ్బాతో పెద్ద పేచీ లేదు.

బీపీఏ మాటకొస్తే, అది పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌లో ఉంటుంది. గట్టి నీలిరంగు 20 లీటర్ల నీళ్ల క్యాన్లలో చాలా ఆ జాతివే. 2023లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ బీపీఏ సురక్షిత మోతాదును ఏకంగా 20,000 రెట్లు తగ్గించింది. అంత అక్కర్లేదని జర్మనీ నిపుణులు వాదించారు. ఐరోపా మాత్రం 2024 డిసెంబరులో తిండి తగిలే వస్తువుల్లో దాన్ని నిషేధించింది. మన దేశంలో నిషేధం మొదట పిల్లల పాలసీసాలకే వచ్చింది. ట్రాలీ ఆటోలో మిట్టమధ్యాహ్నం ఎండకు కాలుతూ వచ్చే క్యాన్‌ను అప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

బస్టాండు దగ్గర పల్చటి కవర్లో కట్టిచ్చే చాయ్, వేడి సాంబారు మీద నాకు కోపం ఎక్కువ. ఆ పాలిథిన్ నీళ్లు మరిగేలోపే మెత్తబడుతుంది. చవకగా దొరికే నల్ల బకెట్ల మీదా అంతే కోపం. నల్లరంగు వేస్తే లోపల ఏ పాత సామాను కరిగించారో కనబడదు. నీళ్లు పట్టి స్నానానికి వాడుకోండి, పిండి కలపకండి.

సంతలో డబ్బా కొనేటప్పుడు తిండికి పనికొస్తుందని చెప్పే గ్లాసు-ఫోర్కు గుర్తుందా చూడండి. మూత తీసి వాసన చూడండి. ఘాటు కొడితే తిరిగిచ్చేయండి. అసలు మార్పు రావాల్సింది మాత్రం పురుగుమందుల దుకాణం దగ్గర. డబ్బా అమ్మిన చేత్తోనే ఖాళీ డబ్బా వెనక్కి తీసుకుని, తెచ్చినవాడికి నాలుగు రూపాయలు చేతిలో పెట్టే ఏర్పాటు ఉంటే, గట్టు మీద దాన్ని వదిలేసి వెళ్లే రైతు ఉండడు. మిరప చేలో కూలీలకు నీళ్ల క్యాన్లు కొనిపెట్టడం రైతుకు పెద్ద ఖర్చేమీ కాదు. ఎకరం మిరపకు ఒక్కసారి కొట్టే మందు ఖరీదులో అది ఓ మూలకు రాదు.