మిగతా కథ రేపు

ఈ మధ్య ఒకనాడు క్లాసులో ‘కళాపూర్ణోదయం’ కథ చెబుతున్నాను. సిద్ధుడొకడు కలభాషిణిని అమ్మవారి గుడికి తీసుకుపోయి బలి ఇవ్వబోయే ఘట్టానికి వచ్చేసరికి గంట కొట్టారు. అంతవరకూ కిటికీలోంచి కురవని మబ్బులను లెక్కపెడుతున్న వెనక బెంచీ కుర్రవాడు లేచి నిలబడి, “తర్వాత ఏమయింది సార్?” అన్నాడు. తెలుగు లెక్చరరుకు ఇంతకు మించిన సన్మానం ఏముంటుంది చెప్పండి!

అంతటితో ఊరుకోలేదు. “ఇది బాహుబలి మాదిరే ఉంది సార్. ఆ సినిమా ఏ పుస్తకంలోది సార్?” అని మరో ప్రశ్న వేశాడు.

ఒక పుస్తకమని చెప్పడానికి లేదు. ఆ కథ వ్రాసింది విజయేంద్రప్రసాద్ గారు. తీసింది ఆయన కుమారుడు రాజమౌళి. చిన్నతనంలో చదివిన ‘అమర చిత్రకథ’ బొమ్మల పుస్తకాలే తనకు స్ఫూర్తి అని రాజమౌళి గారు చాలాసార్లు చెప్పారు. అయితే ఆ సినిమా మనల్ని పట్టుకున్న పట్టు మాత్రం అంతకంటె పాతది. 2015లో మొదటి భాగం చివర కట్టప్ప కత్తి దించాడు. ఎందుకు దించాడో తెలుసుకోవడానికి దేశమంతా 2017 దాకా కాచుకొని కూర్చున్నది. వారపత్రికలో సీరియల్ చదివే వారికి ఇది కొత్తేమీ కాదు. మన భాషలో దీని పేరు “తరువాయి వచ్చే సంచికలో”.

అమెరికాలోనూ ఇదే వరస. వెనుకటి రోజుల్లో అక్కడ కలప గుజ్జుతో చేసిన చవక కాగితం మీద సాహస కథల పత్రికలు వచ్చేవి. ఆ గుజ్జు పేరుతోనే ఆ కథలను ‘పల్ప్’ అన్నారు. అదే కాలంలో సినిమా హాళ్లలో వారం వారం ఒక్కొక్క భాగం చొప్పున సీరియల్ చిత్రాలు వేసేవారు. ప్రతి వారమూ హీరోను చావు అంచున నిలబెట్టి తెర దించేవారు. 1930, 40లనాటి ఆ సీరియళ్ల మీది మమకారంతోనే జార్జి లూకాస్, స్పీల్‌బర్గ్ కలిసి 1981లో ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ తీశారు. పెద్దవాళ్లు చిత్తుకాగితాలన్నవే పిల్లల మనసులో నిలిచి, వాళ్లు పెద్దవాళ్లయ్యాక కోట్ల డాలర్ల సినిమాలుగా తిరిగి వచ్చాయి.

మనకు ఈ విద్య అమెరికా నేర్పనక్కరలేదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీమజిలీ కథలు’ 12 భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి బయలుదేరుతూ ఒక పశువుల కాపరి పిల్లవాణ్ణి తోడు తీసుకుంటాడు. మజిలీ మజిలీకీ ఆ పిల్లవాడు ఊళ్లోకి వెళ్లి ఏదో ఒక వింత చూసి వచ్చి, దాని కథ చెప్పమంటాడు. కథ చెబితేనే నడక. ప్రయాణం సాగడం కోసం కథ, కథ కోసం ప్రయాణం. చూశారా ఎత్తుగడ! పండితులు పెద్దగా పట్టించుకోకపోయినా, ఆ పుస్తకాలు ఇంటింటికీ నడిచిపోయాయి.

ఆ మజిలీల్లోని ఒక కథ ఆధారంగా, కొంత అల్లావుద్దీన్ అద్భుతదీపం కూడా కలిపి, పింగళి నాగేంద్రరావు గారు అల్లినదే ‘పాతాళభైరవి’. 1951లో విజయావారు విడుదల చేశారు. తోటరాముణ్ణి బలి ఇవ్వడానికి నేపాళ మాంత్రికుడు తీసుకుపోతే, చివరకు మాంత్రికుడే బలి అవుతాడు. 1952లో మన దేశంలో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి దక్షిణాది నుంచి వెళ్లిన చిత్రం అదొక్కటే.

దాని దర్శకుడు కె.వి. రెడ్డి గారు ఎక్కడివారనుకున్నారు? మా అనంతపురం జిల్లా తాడిపత్రిలో 1912లో పుట్టారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల ఇది. అదీ పడితేనే. ఆ తాడిపత్రిలోనే పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుని గుడి ఉన్నది. నది ఇసుకమేటగా మిగిలిన రోజుల్లోనూ గుడిలో ఊట నీళ్లు కనిపిస్తే, చూసేవాడికి ‘నీళ్లెక్కణ్నుంచి వస్తున్నాయి?’ అన్న ప్రశ్న పుట్టక తప్పదు. మా వైపు సాహస కథలన్నీ అలాంటి ప్రశ్నతోనే మొదలవుతాయి.

విజయా అధినేతల్లో ఒకరైన నాగిరెడ్డి గారిది పక్కనున్న కడప జిల్లా. ఆయనా చక్రపాణి గారూ కలిసి 1947 జూలైలోనే ‘చందమామ’ ప్రారంభించారు. అందులో దాసరి సుబ్రహ్మణ్యం గారు ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’ వంటి సీరియళ్లు వ్రాశారు. వాటిమీద ఆయన పేరు ఉండేది కాదు. లక్షలాది పిల్లలు నెలంతా ఎదురుచూసిన రచయిత ఎవరో ఆ పిల్లలకే తెలియదు.

ఇక డిటెక్టివ్ నవలల సంగతి. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆ తర్వాత మధుబాబు గారి షాడో, అద్దె పుస్తకాల కొట్లను ఏలారు. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ వ్రాసిన ఆరుద్ర గారిని మేము ఎం.ఏ.లో భక్తితో చదివాము. ఆ ఆరుద్ర గారే డిటెక్టివ్ నవలలు వ్రాశారనీ, 1971లో కృష్ణ నటించిన కౌబాయ్ సినిమా ‘మోసగాళ్లకు మోసగాడు’ కథ, మాటలు ఆయనవేననీ మాకెవరూ పాఠం చెప్పలేదు. ఆయనకు లేని సిగ్గు మాకెందుకు వచ్చిందో!

ఆ సిగ్గు నాచేత ఒక తప్పు చేయించింది. అది చెప్పుకోవడానికే ఇంత దూరం వచ్చాను.

మాది మెట్ట సేద్యం. శనక్కాయ తప్ప మరొకటి పండని చేను. మే నెల వచ్చిందంటే రాత్రిళ్లు ఇంటిల్లిపాదీ కూర్చుని విత్తనకాయ వలిచేవాళ్లం. గుప్పెడు వలిచేసరికి పిల్లల వేళ్లు మండేవి. అప్పుడు మా నాయన లాంతరు దగ్గరికి జరిపి పుస్తకం తీసేవాడు. టౌనుకు పోయినప్పుడల్లా పాత పుస్తకాల వాడి దగ్గర కొన్న మజిలీ కథలో, అట్టలేని డిటెక్టివ్ నవలో. ఆయన పెట్టిన షరతు ఒకటే. ఒక చేట గింజలు నిండితే ఒక ఘట్టం. మాంత్రికుడు కత్తి ఎత్తగానే పుస్తకం మూసి, “చేట నిండలేదే!” అనేవాడు. మేము వేళ్లమంట మరచి వలిచేవాళ్లం. అయినా ప్రతి రాత్రీ ఎక్కడో ఒకచోట, “మిగతాది రేపు” అని లాంతరు తగ్గించేవాడు.

వలిచిన విత్తనం సంచుల్లో వానకోసం కాచుకునేది. మేము కథకోసం కాచుకునేవాళ్లం. కొన్ని ఏళ్లు జూన్ పోయి, జూలై పోయి, ఆగస్టు సగమైనా వాన రాలేదు. కథ మాత్రం ఏ రోజూ తప్పలేదు.

నాకు ఉద్యోగం వచ్చాక టౌనులో ఇల్లు తీసుకున్నాము. నాయన తన ట్రంకుపెట్టె వెంట తెచ్చుకున్నాడు. ఇంటికి సాటి అధ్యాపకులు వచ్చిపోతుంటారు. ప్రబంధాల పక్కన ఆ అట్టలూడిన పుస్తకాలు చూస్తే ఏమనుకుంటారో అని నాకు బెరుకు. ఒక ఆదివారం ఆయన ఊరికి పోయినప్పుడు పాత కాగితాల వాణ్ణి పిలిచి తూకం వేయించాను. ఎన్ని కిలోలు తూగాయో గుర్తులేదు. వచ్చిన డబ్బుతో పాలవాడి బాకీ తీర్చినట్టు మాత్రం గుర్తు. తిరిగి వచ్చిన నాయన పెట్టె మూత తీసి చూసి, మళ్లీ మూసి, అందులో తన పంచెలు పెట్టుకున్నాడు. ఒక్క మాటా అనలేదు.

2015లో ఆయనను ‘బాహుబలి’కి తీసుకుపోయాను. కట్టప్ప కత్తి దించగానే హాలంతా నిశ్శబ్దం. దీపాలు వెలిగాయి. మా నాయన నావైపు తిరిగి నవ్వి, “చేట నిండలేదప్పా!” అన్నాడు.

నాకు నవ్వు రాలేదు.

కళాపూర్ణోదయంలో సిద్ధుడు బలి ఇవ్వబోతే అది ప్రబంధ చమత్కారం. అట్టలేని పుస్తకంలో మాంత్రికుడు బలి ఇవ్వబోతే అది చిత్తుకాగితం! ఈ తేడా నేర్చుకోవడానికే నేను అంత చదువు చదివానా అనిపించింది. తెర మీది సినిమాకు మన దగ్గర పోస్టర్లున్నాయి, పాటలున్నాయి, నూరోత్సవాల ముచ్చట్లున్నాయి. ఆ సినిమాలకు పాలిచ్చి పెంచిన పుస్తకాలను మాత్రం తూకానికి వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ వెనక బెంచీ కుర్రవాడికి ఇదంతా చెప్పాను. సినిమాల ముచ్చటకు నవ్విన పిల్లలు ట్రంకుపెట్టె దగ్గర తలలు వంచుకున్నారు. మరునాడు వాడు వాళ్ల అవ్వ సందుగలోంచి ఒక పుస్తకం తెచ్చాడు. ముందు అట్ట లేదు, చివరి పుటలు లేవు. “దీని ఆఖరు ఎట్లా తెలుస్తుంది సార్?” అన్నాడు.

సాయంత్రం వాణ్ణి మా ఇంటికి తీసుకువచ్చి నాయన ముందు కూర్చోబెట్టాను. నాయనకు ఇప్పుడు చూపు ఆనదు. నాలుగు వాక్యాలు చదివి వినిపించమన్నాడు. విన్నాడు. “ఇది నాకు తెలిసిన కతే” అని, పుటలు చిరిగిన చోటునుంచి ఎత్తుకున్నాడు. కుర్రవాడు ఫోనులో రికార్డు చేస్తున్నాడు. గంటసేపు సాగింది. రాకుమారుడు గుహలో అడుగు పెట్టాడు, వెనక బండరాయి మూతపడింది, చీకట్లో ఎవరో పేరు పెట్టి పిలిచారు.

నాయన అక్కడ ఆగి, మంచినీళ్లు తాగి, “మిగతాది రేపు” అన్నాడు.

కుర్రవాడిది 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లె. సాయంత్రం 6 దాటితే బస్సు లేదు. అయినా మరునాడు నా కంటె ముందే మా ఇంటికి చేరి, అరుగు మీద కూర్చుని ఉన్నాడు.