ఆ హదీసు చెప్పింది కొడుకుకు

పిల్లవాడు పరీక్ష తప్పినా, నమాజుకు బద్ధకించినా, చివరికి బక్కచిక్కినా మన ఇళ్ళల్లో నిలదీసేది తల్లినే. "ఇదేనా నీ తర్బియత్?" అంటారు. తల్లి పాదాల చెంత స్వర్గం ఉందన్న హదీసునూ అప్పుడే గుర్తుచేస్తారు. అంత గొప్ప స్థానం దక్కింది గనుక ఆమెలో ఏ లోపమూ ఉండకూడదట!

సునన్ నసాయీలో ఆ హదీసు చూడండి. జాహిమా (రజి) యుద్ధానికి వెళ్ళదలచి దైవప్రవక్త (స) సలహా కోరారు. తల్లి ఉన్నారా అని ప్రవక్త (స) అడిగారు. ఉన్నారనగానే ఆమెనే అంటిపెట్టుకుని ఉండమన్నారు. అది కొడుకు మీద పెట్టిన బాధ్యత. తల్లికి పెట్టిన పరీక్ష కాదు.

పాలు చాలక డబ్బాపాలు పట్టిన బాలింతను సాటి ఆడవారే ఎన్ని మాటలంటారో! (అత్తగార్లు కోపగించుకోవద్దు.) సూరా బఖరా 233వ ఆయతు రెండేళ్ళ గడువు చెబుతూనే ఆమె తిండి, బట్టల భారం బిడ్డ తండ్రిపై ఉంచింది. ఇద్దరూ సంప్రదించుకుని ముందే పాలు మాన్పించినా, వేరొకరిచేత పాలిప్పించినా తప్పు లేదంది. బిడ్డ మూలంగా తల్లిని బాధపెట్టరాదన్నదీ అందులోనే ఉంది. కన్నతల్లి ఆమినా ఉండగానే ప్రవక్త (స) హలీమా సాదియా పాలు తాగి పెరిగారు కదా!

మరి మగవారి సంగతి? ప్రవక్త (స) ఇంట్లో ఉన్నంతసేపు ఇంటివారి పనుల్లో ఉండేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినట్లు బుఖారీలో ఉంది. జమాత్ నమాజులో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందోనని ఆయన నమాజును కుదించేవారు. బిడ్డను మస్జిదుకెందుకు తెచ్చావని ఆ తల్లిని నిలదీయలేదు.