చదరంగము – రెండు కుండలలోని చీట్లు

వరంగల్లులో 2003వ సంవత్సరమున జన్మించిన ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబరు నాటి ప్రపంచ చదరంగ పట్టికలో 2801 అంకెను అందుకొన్నాడు. భారతీయులలో విశ్వనాథన్ ఆనంద్ తరువాత 2800 దాటినవాడు ఇతడే. గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపి అందుకొన్న అత్యధికమైన అంకె 2623. అది 2009 నాటి మాట. ప్రపంచము మొత్తము మీద ఇంతకంటె పైకి పోయిన స్త్రీలు ఇద్దరే. ఒకరు హంగరీ దేశస్థురాలు జూడిత్ పోల్గార్, మరియొకరు చైనాకు చెందిన హౌ ఇఫాన్.

ఈ అంకెలకు అర్థమేమి? అమెరికాలో భౌతికశాస్త్రము బోధించిన ఆర్పాడ్ ఎలో అను ఆచార్యుడు ఈ పద్ధతిని రూపొందించినాడు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో దానిని స్వీకరించినది. ఇద్దరి అంకెలు సమానమైనచో చెరి సగము పాయింట్లు రావలెను. 200 తేడా ఉన్నచో పైవారికి నూటికి 76 పాయింట్లు, 400 ఉన్నచో 91 పాయింట్లు రాగలవని లెక్క. 2801కిని 2623కిని నడుమ తేడా 178. అనగా అట్టి ఇద్దరు నూరు ఆటలాడినచో రమారమి 74, 26 పాయింట్లుగా పంచుకొందురు.

ఇంతవరకు చూచి, "స్త్రీల బుద్ధి ఇంతటితో ఆగిపోవును" అని తేల్చివేయువారు తక్కువ కాదు. బడిలో చదరంగపు బల్ల ముందు ఎవరిని కూర్చుండబెట్టవలెనను ప్రశ్న వచ్చినపుడు ఆ మాట పనిచేయును. కాబట్టి దానిని పరీక్షింపవలసియున్నది.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ ప్రయోగము చేయించవచ్చును. ఒకటి నుండి నూరు వరకు అంకెలు వేసిన చీట్లను బాగుగా కలిపి, కన్నులు మూసికొని ఒక కుండలో 94, మరియొక కుండలో 6 వేయవలెను. రెండింటిలోని చీట్లును ఒకే రాశి నుండి వచ్చినవే. ఏ కుండకును ప్రత్యేకమైన ప్రతిభ లేదు. పలుమారులు చేసినచో రెండింటి సగటును 50.5 దరిదాపులకే వచ్చును. కాని పెద్ద చీటీ మాటయేమి? 94 ఉన్న కుండలో అది సగటున 99.9, ఆరు ఉన్న కుండలో 86.6 మాత్రమే. అనగా చిన్న కుండలోని మేటి చీటీకంటె పెద్దవైన చీట్లు రెండవ కుండలో సగటున పదమూడు ఉండును! నూరవ చీటీ చిన్న కుండలో పడుటకు అవకాశము నూటికి ఆరు వంతులే. ఇందులో చిన్న కుండ చేసిన తప్పేమియు లేదు.

ఈ నిష్పత్తి ఊహించినది కాదు. బిలాలిచ్, ఆయన సహచరులు జర్మనీ చదరంగ సమాఖ్య పట్టికలోని లక్షకు పైబడిన ఆటగాండ్రను పరిశీలించి 2009లో ఒక వ్యాసము ప్రకటించినారు. అచ్చట ఒక్కొక్క స్త్రీకి పదునారుగురు పురుషులు. పైవరుసలోని నూరుగురు పురుషులను, నూరుగురు స్త్రీలను జతజతలుగా పోల్చగా, కనిపించిన తేడాలో నూటికి 96 వంతులు కేవలము సంఖ్యాభేదము వలననే వచ్చుచున్నదని వారు లెక్కతేల్చినారు. మరుసటి ఏడాది నాప్ అను పరిశోధకుడు ఆ లెక్కలోని ఉజ్జాయింపులను సవరించి, సంఖ్యాభేదము మూడింట రెండు వంతులను మాత్రమే వివరించునని చూపినాడు. ఏ లెక్కను తీసికొన్నను అధికభాగము సంఖ్యదే. మిగిలినదానిని గూర్చి వాదము తెగలేదు.

ఆ మిగిలినదానికి భయము కారణమా? ఇటలీలో 42 జతల స్త్రీపురుషుల చేత, ఎదుటివారు కనబడకుండ, కంప్యూటరుపై ఆడించినారు. ఎదుటివాడు పురుషుడని తెలిసి, పురుషులే మేటియను మాట గుర్తుచేయబడినపుడు స్త్రీల ఆట దిగజారినది. ఎదుట ఉన్నది స్త్రీయేయని నమ్మించినపుడు వారు సమానముగనే ఆడినారు. ఇది 2008 నాటి ఫలితము. ఐతే స్టాఫర్డ్ 2018లో లక్షలకొలది పోటీ ఆటలను పరిశీలించి, పురుషులతో ఆడునపుడు స్త్రీలు తమ అంకెకు తగినదానికంటె కొంచెము మెరుగుగనే ఆడుచున్నారని కనుగొన్నాడు. విజ్ఞానశాస్త్రములో ఇట్టి చిక్కులు మామూలే. నలుబది రెండు జతల కంటె లక్షల ఆటలకు ఎక్కువ బరువీయవలసియున్నది.

ఇక అసలు ప్రశ్న: చిన్న కుండలో ఆరే చీట్లు ఎందుకున్నవి? దీనికి గణితము బదులు చెప్పదు, జీవితము చెప్పవలెను. పోటీల కొరకు ఊరూర తిరుగవలెను, వెంట ఒకరుండవలెను, సెలవు, ఖర్చు కావలెను. హంపి తండ్రి అశోక్ ఉద్యోగము మానుకొని కుమార్తెకు ఆట నేర్పినాడు. ఆమె 2002లో పదునైదేండ్ల వయస్సున గ్రాండుమాస్టరై, అంతవరకు జూడిత్ పేర ఉన్న రికార్డును తుడిచినది. ఇట్టి తండ్రులు ఎందరుందురు? 2017లో కుమార్తె పుట్టిన నాటి విరామము తరువాత మరల బల్ల ముందు కూర్చుండి, 2019లోను 2024లోను ర్యాపిడ్ ఆటలో ప్రపంచ విజేత ఐనది. గుంటూరు ద్రోణవల్లి హారిక 2022 చెన్నై ఒలింపియాడులో నిండు గర్భిణిగా ఆడి, భారత స్త్రీల జట్టుతో కాంస్యపతకము పొందినది. పురుష క్రీడాకారుని కాలపట్టికలో ఇట్టి విరామములు ఉండవు.

కుండ కొంత నిండుచున్నట్లును కనబడుచున్నది. 2024లో బుడాపెస్టు ఒలింపియాడులో భారతదేశపు రెండు జట్లును స్వర్ణము గెలిచినవి. ఒకదానిలో అర్జున్, మరియొకదానిలో హారిక ఉన్నారు. 2025 జులైలో బాతూమీలో జరిగిన స్త్రీల ప్రపంచ కప్పు తుదిపోటీలో ఇద్దరును భారతీయులే. హంపిని ఓడించిన దివ్యా దేశ్‌ముఖ్‌కు పందొమ్మిదేండ్లు. ఆ గెలుపుతో ఆమె గ్రాండుమాస్టరు ఐనది. మన దేశపు గ్రాండుమాస్టర్ల వరుసలో ఆమె 88వది. ఆ నాటికి ఆ 88 మందిలో స్త్రీలు నలుగురు.